రెండు గడుల కాగితం

కూర్చో అమ్మాయీ. మెట్టు చల్లగా ఉంటుంది, ఆ అట్టముక్క వేసుకో.
మున్సిపాలిటీ వాళ్ళు పంపారా?
వలస వచ్చినవాళ్ళ వల్ల మిలాన్‌కి లాభమా, నష్టమా?
ఎడమ గడిలో టిక్కు, లేదంటే కుడి గడిలో టిక్కు.
పెన్ను నీ దగ్గరే ఉంచుకో, నా కళ్ళజోడు లోపలుంది.
నేను చెప్తా. నువ్వు రాయి.

నలభై ఒక్క ఏళ్ళుగా
ఈ గుమ్మం పక్కన బెల్లుల పలక తుడుస్తున్నాను.
ముప్పై రెండు మీటలు.
మొదట్లో పేర్లు ఇత్తడి మీద చెక్కించేవాళ్ళు,
తర్వాత ప్లాస్టిక్ ముక్కలొచ్చాయి,
ఇప్పుడు కాగితం, దాని మీద టేపు.
మూడో అంతస్తు ఎడమ మీట దగ్గర
పేరు మీద పేరు, తొమ్మిది పొరలు.
గోరుతో గీకితే ఉల్లిపాయలా ఊడొస్తుంది.

ఆ ఇంట్లో మంచాలు ఏడు, మనుషులు పద్నాలుగు.
పగటివాళ్ళు లేస్తే రాత్రివాళ్ళు పడుకుంటారు;
దుప్పటికి చల్లారే తీరికుండదు.
ఏటా ఫిబ్రవరిలో మురుగు గొట్టం పగులుతుంది.
బాగుచేయించే ఖర్చు అందరి నెత్తినా పడుతుంది.
నష్టం, రాసుకో.
ఆగాగు.
ఆ ఇంటి యజమాని సరస్సు ఒడ్డున ఉంటాడు,
ఏడు తరాల మిలాన్ మనిషి.
ఒప్పందంలో ఇద్దరని రాసి
మంచానికి ఇంతని వసూలు చేస్తాడు.
అతన్ని ఏ గడిలో వేస్తావు?

మొదటి అంతస్తు గాలింబెర్తి గోడపూతల మేస్త్రీ.
ఈజిప్టు ముఠాలు దిగాక
చదరపు మీటరు రేటు సగమైందని
నువ్వు కూర్చున్న ఈ మెట్టు మీదే ఏడ్చాడు,
యాభై ఎనిమిదేళ్ళ మనిషి.
అబద్ధం కాదమ్మా. ఖాళీగా ఉన్న ఆ చేతుల్ని నేను చూశాను.
అతని తల్లికి తొంభై ఒకటి.
నెల్యా తప్ప ఇంకెవరు నీళ్ళు పోసినా ఒప్పుకోదు.
కూతుర్ని చెర్నివ్‌ట్సీలో వదిలొచ్చిన నెల్యా
ముసలమ్మకి జడ అల్లుతూ
ఫోన్లో ఆ పిల్లచేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంది.
ఏడో ఎక్కం దగ్గర పిల్ల తడబడితే
జడ దగ్గర చేతులు ఆగిపోతాయి.

ఆరేళ్ళు మూతబడ్డ రొట్టెల కొట్టు
మళ్ళీ తెరిచింది సాబెర్.
పొద్దున్నే కనుబొమ్మలకి పిండితో ఇంటికొస్తాడు,
నాకో రొట్టె కిటికీలో పెట్టి.
ఇది లాభమే, నా మటుకు నాకు.

పిల్లల్లేక బడి మూసేస్తామన్నారు ఒకప్పుడు.
ఇప్పుడు గంట మోగుతోంది, వినపడిందా?
అదే బడికి మంగళవారం బింతా వెళ్ళలేదు.
పదేళ్ళ పిల్ల, తల్లిని తీసుకుని ఆసుపత్రికెళ్ళింది,
డాక్టరు చెప్పింది తల్లికి చెప్పాలి కదా.
"గడ్డ అనే మాట మా భాషలో నాకు తెలీదవ్వా,
నిమ్మకాయంత అని వేళ్ళతో చూపించా" అంది.
ఆ వేళ్ళు నాకింకా కనపడుతూనే ఉన్నాయి.

నేనా? పుగ్లియా నుంచి. అయిదేళ్ళప్పుడు రైలు దిగాను,
తాడు కట్టిన అట్టపెట్టె మీద కూర్చుని.
దక్షిణాదివాళ్ళకి ఇల్లు ఇవ్వబడదని
ఈ వీధిలోనే కాగితాలు వేలాడేవి.
మా అమ్మ మిరపకాయలు వేయిస్తే
పక్కవాళ్ళు గోడ బాదేవాళ్ళు.
ఇప్పుడు నాలుగో అంతస్తులో ఎండుచేప వేయిస్తే
చీపురుకర్రతో తలుపు బాదేది నేను.
నవ్వకు.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.
నాకా వాసన పడదు, అంతే.
ఆదివారం రాత్రి మెట్ల మీద దొర్లే సీసాలూ పడవు.
ఆ సీసాలవాడే, మొన్న లిఫ్టు ఆగిపోతే,
గాలింబెర్తి తల్లిని వీపు మీద మోసి పైకి చేర్చాడు.

గడులు చాలడం లేదా?
కాగితం వెనక్కి తిప్పి రాయి.

నా పేరు కావాలా? పలక మీద వెతక్కు.
నా మీట పక్కన 'కాపలా' అని ఉంటుంది,
ఇత్తడి మీద చెక్కింది,
నేను రాకముందు నుంచీ ఉన్నదే.
అస్సుంతా. రెండు ఎస్సులు, మర్చిపోకు.