ఒకే తీగ

ముప్పయ్యేళ్లుగా తీగల మనిషిని.
వల్పరైసో కొండల మీద
ఏ స్తంభం చూసినా దువ్వని జడే.
నేర్చుకున్నది ఒక్కటి:
దీపం మిణుకుతున్న చోటే
తప్పు ఉండనక్కరలేదు.

అయినా, బెలార్మీనో కుంటుకుంటూ మెట్లెక్కి వచ్చి
"మోకాలు, నాన్నా" అంటే
నేను మోకాలే చూశాను.
వేడి లేదు, వాపు లేదు,
గీరుకున్న మచ్చ కూడా పాతదే.
వాళ్లమ్మ రేవులో చేపలు కోసి వచ్చి
ఉప్పు కాపడం పెట్టింది.
నాయనమ్మ "బడి ఎగ్గొట్టే నొప్పి" అంది.
నెల గడిచింది.

డాక్టర్ ఒయార్జున్ మోకాలి వంక చూడనైనా లేదు.
వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి
కాలు మడిచి, మెల్లగా లోపలికి తిప్పింది.
తుప్పు పట్టిన గేటులా
తుంటి దగ్గర ఆగిపోయింది కాలు.
తొడ లోపలి కండ
ఎవరూ చెప్పకుండానే బిగుసుకుంది.
"మోకాలు!" అని అరిచాడు వాడు.
తీగ లాగితే డొంక కదిలినట్టు.

నా జేబులోని పెన్సిలు లాక్కుని
మందుల చీటీ వెనక గీసిందామె:
నడుములోంచి దిగే ఒక నరం,
దారిలో తుంటి కీలుకి ఒక పాయ,
ఆ కీలుని కదిపే కండలకి కొన్ని,
తొడ లోపలి చర్మానికి ఓ అరచేయంత,
మిగిలిన సన్నపోగు దిగి దిగి
మోకాట్లో ఆగుతుంది.
"కీలుకి వెళ్లే నరమే
దాన్ని లాగే కండకీ, కప్పే తోలుకీ.
వేరు వేరు మీటర్లుండవు."

నాకు నవ్వొచ్చింది, ఏడవాల్సిన వేళ.
మా కొండ మీద దొంగ కనెక్షనూ ఇంతే,
ఉన్న తీగకే తగిలిస్తారు.
కబురు ఏ ఇంటిదో తేల్చుకోలేక
మెదడు పక్కింటి పేరు చెప్పింది.
పిల్లాడు అబద్ధమాడలేదు.
నాయనమ్మకి ఆ మాట గట్టిగానే చెప్పాను.

బరువు మోపకూడదట, చాలా నెలలు.
రెండొందల పన్నెండు మెట్లు
వాణ్ణి వీపున మోస్తున్నాను.
నా మోకాళ్లు రెండూ మూలుగుతున్నాయి,
అవి మాత్రం నిజంగా మోకాళ్లే.

రాత్రి కండ పట్టేస్తే లేపుతాడు.
ఆమె పెన్సిలుతో చుట్టి చూపించిన చోట
అరచెయ్యి ఆనించి కూర్చుంటాను.
చర్మం దాటి చెయ్యి పోదు, తెలుసు.
కాని తీగ అదే.
కాసేపటికి వేళ్ల కింద
బిగి సడలుతుంది, ఒక్కో పోగూ.

కిటికీ అవతల ఎవరిదో దీపం మిణుకుతోంది.
తెల్లారాక చూడాలి,
ఎవరింట్లోంచో.