చెప్పులేసుకునే వేళ

ఈ నెలలో ఇది మూడోసారి.
వానకు నల్లబడ్డ చెక్కపెంకుల ఇల్లు,
కింద పోటెక్కిన సముద్రం స్తంభాలను నాకుతోంది.
ఎర్మెలిందా గ్వెంతెయో తలుపు తీస్తూనే అంది:
"ఎరిబెర్తో, మళ్లీ మింగేసింది."

ఏం మింగిందో అడగక్కర్లేదు.
ఈ చిలోయే దీవుల్లో ఏ నాటు బంగాళాదుంప విత్తనం
ఎవరి కొట్టంలో ఉందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.
వంకర్లు పోయిన 'మంత్రగత్తె' లెమూయ్‌లో ఎవరింట ఉందో,
కోస్తే ఊదారంగు తేలేది కిన్చావోలో ఏ గట్టున పండుతుందో,
అన్నీ ఈమెయిల్ ప్రోగ్రాంలో కాంటాక్టులుగా ఎక్కిస్తుంది,
రెండు వేళ్లతో,
జోస్యం చిలక కార్డు లాగినంత ఆలోచించి
ఒక్కో అక్షరం పొడుస్తూ.
తెల్లారి చూస్తే పలక తుడిచినట్టు.

మొదటిసారి వైరస్ అనుకుని రోజంతా వేటాడాను.
ఒక్కటి దొరికితే ఒట్టు.
రెండోసారి ప్రోగ్రాం మొత్తం పీకి మళ్లీ వేశాను.
డబ్బులు కూడా తీసుకున్నాను,
చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

ఇవాళ ఫోల్డర్లో ఫోల్డర్ తెరుచుకుంటూ
బావిలోకి దిగినట్టు దిగాను.
అడుగున చిరునామాల ఫైలు.
చివరిసారి రాసిన తేదీ మార్చి పదకొండు.
గోడ మీద క్యాలెండర్ జూన్ ఇరవై అంటోంది.
ఈ మధ్య ఆమె కొట్టిన ఒక్క పేరూ
డిస్కు గడప తొక్కలేదు.

"మార్చిలో ఏం జరిగింది?"

పొయ్యిలోకి కట్టె తోసింది.
"గాలివానకి ఓల్టేజీ ఎగిరి
పక్కింటి బార్రియా వాళ్ల ఫ్రిజ్ మాడిపోయింది.
అప్పట్నుంచీ పడుకునే ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకేస్తున్నా."
"కంప్యూటర్ ఆపేశాకేనా?"
"పీకితే ఆగుతుందిగా!"

ఆగుతుంది. నిజమే.
కానీ ఈ ముసలి ప్రోగ్రాంకొక చాదస్తం.
పగలంతా విన్నది బుగ్గన పెట్టుకు తిరుగుతుంది,
మూసేటప్పుడే, ఆ కాసేపట్లోనే, గబగబా రాసుకుంటుంది.
అసలు కబుర్లన్నీ
గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే గుర్తొచ్చే చుట్టాలుంటారే,
అలాంటిది.
వెళ్లొస్తానని అననివ్వకుండానే
రోజూ దీపమార్పేశాం.

చాలాసేపు మాట్లాడలేదామె.
తర్వాత సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసింది.
అందులో ఒకే పేరు పదకొండు సార్లు,
ప్రతిదాని పక్కనా పెన్సిలు టిక్కు.
"కొట్టాను. కొట్టాననే గుర్తు. పొద్దున్నకి ఉండేది కాదు.
మా పెద్దక్కకి ఇలాగే మొదలైంది.
మే నెలాఖరుదాకా ఎవరికీ చెప్పలేదు.
నిన్ను పిలవడానికి కూడా భయమేసింది,
బాగానే ఉందంటావేమోనని."

వాన చప్పుడు.

"అయితే మర్చిపోతున్నది నేను కాదా?"
"మీరు కాదు, దోన్యా."
"ఇంకోసారి చెప్పు."
చెప్పాను.

నవ్వలేదు, ఏడవలేదు.
లేచి వెళ్లి కంప్యూటర్ వీపు మీద గట్టిగా ఒక్కటిచ్చింది,
తన్నే ఆవుకి ఇచ్చినట్టు.
నేను చూడనట్టు కేబుళ్లు సర్దాను.

రోసామెల్ నవెల్కిన్, మెచూకే దీవి,
పన్నెండోసారి కొట్టింది.
మూశాం. ఆపాం. లైటు ఆరేదాకా కూర్చున్నాం.
ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, తెరిచాం.
రోసామెల్ అక్కడే ఉన్నాడు.
ఆమె అతని మీద వేలు ఆనించి తెరంతా మరక చేసింది.

పోయినసారి డబ్బులు తిరిగిస్తానంటే వినలేదు,
పైగా గోనెసంచిలో నల్లటి మంత్రగత్తెల్ని నాలుగిచ్చింది,
"నాటు. తిన్నావంటే ఊరుకోను."
అట్టముక్క మీద రాయమంటే రాసి గోడకి అంటించాను:
ముందు మూయాలి. తర్వాతే పీకాలి.

చెక్కమెట్లు దిగి వీధి మలుపు దాకా వచ్చానో లేదో
వెనక నుంచి కేక:
"ఎరిబెర్తో! మూశాను, ఆపాను,
ఆ లైటు ఇంకా మిణుకుతోంది, పీకెయ్యనా?"

టోపీలోంచి నీళ్లు కారుతున్నాయి.
"ఆగండి," అని అరిచాను,
"ఇంకా ఏదో చెబుతోంది."