నూటికొక్కటి

శుక్రవారం అసర్ నమాజయినంక
ముహర్రక్‌ల సముద్రం కట్టమీద, ఆ గేటు ఎదురుంగ
ఎనిమిదిమందిమి కూసుంటం.
ఏడుగురు టికెట్టు కొని లోపలికి వోయినోళ్లు,
నేనొక్కన్నే జీతానికి వోయినోన్ని.

జాసిమ్ సారు ప్లాస్కుల చాయ్ తెస్తడు, యాలకులు దండిగేసి.
మరిసెల్ పర్సుల సగం టికెట్టు ఉంటది,
పడవ బొమ్మల ముందర భాగం.
ఎనుక భాగం చింపి డబ్బల ఏసింది
నేనే గావచ్చు.

గేటు మీద ఇప్పుడు ఊదారంగు పిల్లి
పండ్లన్నీ కనవడెటట్టు నవ్వుతది.
ఎండాకాలంల గూడ దానికి అలుపు లేదు.
ఇదే పిల్లి అన్ని దేశాలల్ల నవ్వుతదంట, ఒక్కటే తీరు,
మస్తాన్ ఫోన్ల సూపెట్టిండు.

అప్పుడు దీని పేరు దానా.
ఈళ్ల భాషల పెద్ద ముత్యం.
వీసా కాయితం మీద సూసి నేననుకున్న,
బర్లకు దాణా వెట్టే పనేమో అని.
మెట్‌పల్లిల ఏజెంటు గూడ గదే అన్నడు.

లోపల గిరగిర తిరిగే బండ్లు లెవ్వు, అరుపులు లెవ్వు.
ఒక చీకటి. ఒక కట్టెపడవ.
క్యాసెట్టుల ఎవరో ముసలాయన గొంతు.
కాలికి రాయి కట్టుకొని నాలుగు నిమిషాలకోపారి
మునిగే బొమ్మమనిషి.
వాని మోకాలు పట్టేస్తే గ్రీసు వెట్టింది నేను.
సముద్రం వాసన గూడ నాదే:
ఉప్పు, ఎండుచేపలు నానిన నీళ్లు,
పొద్దుగాల అయిదింటికి బకెట్ల కలిపి.

ఆఖరుకు ఒక్కొక్కలకు ఒక్కో ఆల్చిప్ప ఇచ్చేది.
నూరింట్ల ఒక్కదాంట్లనే పూస.
తొంభైతొమ్మిది మంది ఉత్తచేతులతోని బయటికి రావాలె,
గదీ ఆ కట్టినాయన పంతం.
"మా తాత నలభై ఏండ్లు మునిగిండు,
పైకి తెచ్చింది ఎక్కువ ఉత్త చిప్పలే" అనేటోడు.
పిల్లలు ఏడ్సేటోళ్లు. తండ్రులు కౌంటరు గుద్దేటోళ్లు.
ఆయన సచ్చిపోయిండు, కొడుకులు అమ్ముకున్నరు.
ఇప్పుడు లోపలికి వోయిన ప్రతి పిల్లకు
టికెట్టుతోనే ఒక పూస, ప్లాస్టిక్ సంచిల.

"అందరికీ దొరికితే అది ముత్యమెట్లయితది?"
జాసిమ్ సారుకు గొంతు వణుకుతది.
అందరు తలకాయ ఊపుతరు.
ఎనుకసీరె తలుపు రంగు మీద కొట్లాట.
పచ్చ అని షరీనా, నీలం అని మస్తాన్.
ఇద్దరిదీ నిజమే.
పచ్చ డబ్బా నడుమల ఒడిసింది,
మిగిలింది నీలంతోని కొట్టిన.
ఈ ముచ్చట చెప్తె నవ్విండ్రు గని
నమ్మలే.

పోయిన వారం మరిసెల్ మెడల గొలుసు తీసింది.
దానికి పూస.
"నూటికొక్కటి. నాకే దొరికింది" అన్నది.
దవఖానల రాత్రి డ్యూటీ ఆమెది.
పానం వోయే మనిషి పక్కన కూసున్నప్పుడు
ఇది పిడికిట్ల వట్టుకుంటదంట.

ఏ దినం అని అడిగిన.
దుమ్ము లేసిన దినం, బడి బస్సుల నలభైమందిమే,
ఇంకెవ్వలు రాలే అన్నది.

లెక్క ప్రకారం ఆ దినం పూస పడొద్దు.
అంతకుముందు దినమే నూరోది ఎల్లిపోయింది.
ఇంక అరవై మంది బాకి.
గని పొద్దుగాలనే ఏడు నెలల జీతం ఒక్కపారే పడ్డది,
పైసల కాయితం జేబుల గరగరమంటున్నది,
లైనుల ఆఖరుకు ఒక పిల్ల
తెగిన చెప్పు చేతుల వట్టుకొని, ముక్కు తుడుసుకుంట.
సంచిలకెల్లి ఒక పూస తీసి
చిప్ప మూసిన.

అందరు నా దిక్కే సూస్తున్నరు,
నూటికొక్కటి ఎట్ల పడేదో రాజం భాయ్‌కి ఎరుక గదా అని.
పూస చేతులకు తీసుకొని
సముద్రం దిక్కు ఎలుతురుకు తిప్పి సూసిన.
ఒక దిక్కు జర అరిగింది.

"అసలుదే" అన్న.