పేలిక

గుండు గొట్టాన్ని తాకదు.
ఈ ముచ్చట చెప్తె ఎవరూ నమ్మరు.
సీసానికీ ఇనుముకూ నడుమ
రూపాయి బిళ్లకంటె జర పెద్ద బట్ట ముక్క,
మా నాయిన దాన్ని పేలిక అనేటోడు.
పేలేది మందు బిడ్డా, పేలిక గాదు అని
తన మాటకు తనే నవ్వేటోడు.

చల్వాయి చుట్టుపక్కల అందరివీ నున్న గొట్టాల బర్మార్లు,
ఛర్రాలు పోసి కొడితె
దోసెడు వడ్లు చల్లినట్టు పోతయి.
మా ఇంట్లదానికి లోపల ఏడు గీతలు.
అడుగు మర ఇప్పి, గొట్టాన్ని పొద్దు దిక్కు పెట్టి
కన్నానించి చూడమంటె చూసిన:
కట్టెకు అల్లుకున్న చిక్కుడు తీగ
ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయినట్టు.

అవ్వ ఇచ్చిన పువ్వుల చీరె పనికిరాలే.
పాలిస్టరు. మంట తగిలితె కరిగి గీతలల్ల కూసుంటది.
అందుకే ఏడాదికొక్కసారి వరంగల్ బస్సెక్కి
కొత్తవాడల అడెపు లింగమూర్తి మగ్గం కాడికి పోయేటోళ్లం.
జంపఖానా మందం, పంచె పలుచన,
నడిమి రకం కోర గుడ్డను
రెండు వేళ్ల నడుమ రుద్ది, గోటితోని గీకి,
చెవి కాడ పెట్టుకోని సర్రున గుంజి ఇనేటోడు.
"ఏం కుట్టిస్తవు ఓదెలూ?"
"అడివిపందికి అంగీ."
లింగమూర్తి నవ్వుకుంట గజం బట్ట కొలిచిండు.
మా ఇంట్ల గజమంటె కొలత గాదు,
గొట్టంల దూరే కట్టె.

మందు ముందు.
ఎదురు కణుపు నిండ, ఒలకకుంట.
మూతి మీద ఇప్పనూనె తాగిన పేలిక,
దాని మీద గుండు, తొడిమె పైకి.
బొటనవేలితోని ఒత్తితె కుత్తిక దాక దిగుతది,
ఆ మీద గజం.
జబర్దస్తి చెయ్యొద్దు, నడుమల ఆగొద్దు.
గజం మీది గాటు మూతికి సమానం గావాలె.
సందు మిగిలితె ఏమైతదో
చిన్నబాపు కుడిచెయ్యి చూస్తె తెలుస్తది,
మూడు వేళ్లతోని బుక్క కలుపుతడు.

రాత్రి మక్కచేన్ల మంచె మీద వాళ్లు.
నా పని పొద్దుగాల.
మంచు తడి ఆరకముందే
మంచెకు పది పన్నెండు అడుగుల్ల వంగి దేవులాడుడు.
గుండు ఎటువోయిందో, పంది వడ్డదో లేదో
నన్ను అడగొద్దు.
నాకు దొరికేది పేలిక.
నడుమ కాలి బొక్కపడితె నూనె తక్కువైంది.
అంచులు చినిగితె గుండు బిర్రైంది.
చీరికలు చీరికలైతె గీతల పదును ఇంక సావలేదు.
నడుమ గోధుమ రంగు బిళ్ల,
చుట్టూ ఏడు నల్ల గీతలు, ఎక్కడా చిరగకుంట
దొరికిందా, ఆ నాడు
నాయిన చాయ్ రెండుసార్లు తాగేటోడు.

రాత్రి వచ్చినోళ్లు తుపాకి అడిగిండ్రు ఒక యేడు.
పగటి వచ్చినోళ్లు కాయితం అడిగిండ్రు.
కాయితం ఉండె.
ఎలక్షన్లకు ఠాణాల పెట్టమంటె పెట్టిండు.
రసీదు మీద "నాటు తుపాకి ఒకటి" అని రాసిండ్రు.
ఏడు గీతల సంగతి రాయలే.

వానకాలం దాటినంక తెచ్చుకున్నం.
గజానికి పేలిక చుట్టి వేడినీళ్లతోని లోపలికి తోస్తె
ఎర్రగొచ్చింది. మల్ల తోస్తె మల్ల ఎర్రగ.
పదకొండో పేలికకు నాయిన చెయ్యి ఆగింది.
మర ఇప్పి, పొద్దు దిక్కు పెట్టి,
నువ్వే చూడు బిడ్డా, నా కండ్లు ఆనుతలేవు అన్నడు.

తీగ ఉన్నది నాయినా, అన్న.
సగం దాకనే అని అనలే.

ఆ యేడు మక్కలు పందులే తిన్నయి.

హన్మకొండల నాదిప్పుడు మిషిని కుట్టే దుకాణం.
గిరాకి బట్ట చేతికిస్తె
ముందుగాల చెవి కాడ పెట్టుకోని గుంజుత.
వాళ్లు నవ్వుతరు.
నవ్వనీ.
నూలైతె సర్రుమంటది.