రెండోసారి వదిలే నట్టు

రివర్టన్‌లో, ఏరు సముద్రాన్ని కలిసే చోట,
పాత ఉన్ని గోదాములో మా వడ్రంగి షెడ్డు.
మంగళ, శుక్రవారాలు తలుపు తీస్తాను, కెటిల్ పెడతాను.
దక్షిణపు గాలి రేకుల మీద దరువేస్తుంది.

మెరేనియా రౌటర్‌ని తువ్వాల్లో చుట్టి తెచ్చింది,
తడిసిన పిల్లిని తెచ్చినట్టు.
"వీధి తలుపుకి పలకలు చెక్కాలి," అంది.
"ఉప్పుగాలి అడుగు చెక్కని తినేసింది."
కోటు జేబులోంచి కొత్త బిట్ తీసింది,
గుప్పెడంత రెక్కలు, అర అంగుళం కాడ.

మిషన్ నోట్లో ఇంకా పావు అంగుళం బిట్ ఉంది,
అంచులు గుండ్రం చేసేది. కొసన
ఎర్రటి రీమూ పొట్టు.
సెల్విన్ బిగించింది, అంది. అంతే అంది.

నేను కొలతల్లోకి పారిపోయాను. నాకు తెలిసిన దారి అదే.
కాడ లావెంతో కాలెట్ నోరంత.
పావుకి పావు, అరకి అర.
ఇంచుమించుగా సరిపోయిందిలే అంటే కుదరదు.
ఆరు మిల్లీమీటర్ల కాడ పావు అంగుళంలోకి హాయిగా దూరుతుంది.
తేడా మిల్లీమీటరులో మూడోవంతు.
నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరిగేటప్పుడు
ఆ మూడోవంతే కత్తి.

డెట్లెఫ్ కథ చెప్పాను. జర్మనీ నుంచి తెచ్చుకున్నాడు,
మఖమల్ పెట్టెలో ముప్ఫై రెండు బిట్లు,
అన్నీ ఎనిమిది మిల్లీమీటర్లు.
మా పావులో పట్టవు, అరలో ఊగుతాయి
నాన్న బూట్లలో పిల్లాడి కాళ్లలా.
బీరు డబ్బా రేకు కత్తిరించి చుట్టాడు. ఇంజనీరు మరి.
అదుగో, గడియారం కింద చిల్లు.
ఎవరికీ తగల్లేదు. ఆ రోజు టీ ఎవరికీ దిగలేదు.
తర్వాత చీలిక ఉన్న ఇత్తడి తొడుగు తెప్పించాం,
లోపల ఎనిమిది, బయట అర.
చిల్లు పూడుస్తానంటే వద్దన్నాడు,
పక్కన పెన్సిల్‌తో తేదీ వేసుకున్నాడు.

"అయితే ఇది తీయాలి," అంది మెరేనియా.

ప్లగ్ పీకావా? పీకింది.
రెండు స్పానర్లు: ఒకటి ఇరుసుకి, ఒకటి నట్టుకి.
రెంటినీ ఒకే గుప్పిట్లో నొక్కు, వేళ్లు జాగ్రత్త.
కదల్లేదు.
"అతని చెయ్యే అంత. జాం సీసాలు కూడా
పక్కింటికి పట్టుకెళ్లేదాన్ని, అతను ఇంట్లో లేనప్పుడు."
మళ్లీ నొక్కింది. టక్.
నట్టు తేలిగ్గా రెండు చుట్లు తిరిగింది, ఆగింది.
బిట్ లాగింది. రాలేదు.
"వదిలిందిగా?" నన్ను చూసింది.

అప్పుడు చెప్పాల్సొచ్చింది:
ఇది రెండుసార్లు వదుల్తుంది.
మొదట నట్టు. లోపలి దవడలు పట్టు విడవవు.
మళ్లీ బిగుసుకుపోయిందనీ, పాడైందనీ
అందరూ అనుకుంటారు.
ఇంకోసారి నొక్కాలి.

కెటిల్ కూత పెట్టింది. వెళ్లి దించాను.
కళ్లెదుటున్న పాలసీసా కోసం చాలాసేపు వెతికాను.
వీపు వెనక, టక్.

పొట్టు ఊదలేదు, తుడవలేదు.
కొత్త బిట్ వచ్చిన జేబులోకే
పాతది వెళ్లింది.

సొరుగులోంచి అర అంగుళం కాలెట్ తీసి పెట్టాం.
కాడని అడుగు తగిలేదాకా దించి
కొంచెం పైకి లాగమన్నాను.
"ఎందుకు?"
అడుగుకి ఆనితే బిగిసినట్టే ఉంటుంది, బిగియదు.
"ఎంత?"
జేబులోంచి రెండు నాణేలు తీసి
ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాను.

ఇంత పెద్ద బిట్‌ని చేత్తో పట్టి నడపకూడదు, బల్లకింద బిగించాలి,
వేగం సగానికి దించాలి. అవన్నీ శుక్రవారం.
చెక్క తెస్తానని వెళ్లింది. తువ్వాలు మర్చిపోయింది.
మడిచి, డెట్లెఫ్ చిల్లు పక్కన
మేకుకి తగిలించాను.