రోలు లేని చోట

రేణిగుంట యార్డులో ముప్పై ఏళ్ళు
చక్రాల మీద సుత్తితో కొట్టి
చెవితో పగుళ్ళు చూసినవాణ్ణి నేను.
మంచి చక్రం గంటలా పలుకుతుంది,
పగిలింది పలకదు, దగ్గుతుంది.
అయినా మా బొరుగు కంట్లో నొప్పి
నాకు వినపడలేదు.

బొరుగు అంటే కుక్క.
పిల్లప్పుడు తెల్లగా, తేలిగ్గా,
గాలొస్తే ఎగిరిపోయేట్టు ఉండేది.
ఇప్పుడు పన్నెండు కిలోలు.
కుడికన్ను ఉబ్బి, రాత్రంతా గోడకు తల రుద్దుకుంటే
దోమలనుకున్నాం.
తిరుపతి పశువుల కాలేజీలో డాక్టర్ షబానా
వేలితో రెప్ప పైకెత్తి
కాసేపు ఏం మాట్లాడలేదు.
తీసేసి కుట్టేసినారు.
గమ్ము అంటించిన కవరులా ఉండేది ఆ చోటు,
లోపల ఉత్తరం లేదని తెలిసిన కవరు.

ఒంటికంటి రోజుల్లో
గిన్నెలో కుడివైపు అన్నం మిగిలిపోయేది.
గిన్నె తిప్పి పెడితే
ఇంకో గిన్నె వచ్చిందని సంబరపడేది.

"కాళహస్తికి పోయి వెండి కన్ను వెయ్యి నాయనా,
కన్నిచ్చినోడి ఊరు గదా అది," అనింది సుబ్బరత్నత్త.
పోయినాను.
ఒకటియ్యప్పా అంటే అంగడాయన నవ్వినాడు:
"జతగానే అమ్ముతాం సామీ, విడిగా రాదు."
ఒకటి హుండీలో వేసి
రెండోది చొక్కాజేబులో ఇంటికి తెచ్చినాను.
పోపుల డబ్బాలో, లవంగాల పక్కన పడుండేది.
ఆరునెలలకు దానికీ పని పడింది.
ఎడమకన్ను ముందు మజ్జిగ తేటలా,
తర్వాత మజ్జిగలా.
ఆ రెండోదాన్ని మాత్రం హుండీలో వెయ్యబుద్ధి కాలేదు.
లవంగాల పక్కనే ఉండాది ఇంకా.

అప్పట్నుంచి మా ఇల్లు కదలడం మానేసింది.
మంచం మంచం చోట, చెప్పులు చెప్పుల చోట.
పేరులోనే కళ్ళున్న నా భార్య వనజాక్షి
బిందె జానెడు జరిపినా
దండోరా వేసినట్టు చెప్పేది: "బొరుగూ, బిందె!"
మెట్టు అంచున పచ్చకర్పూరం పలుకు,
స్తంభం మొదట్లో నీలగిరి తైలం చుక్క.
ఇల్లు గుడి వాసనేస్తుంటే
మాకు భక్తి ముదిరిందనుకున్నాడు
ఇంటి ఓనరు చెంగల్రాయులు.

తాకేముందు గొంతు సవరించుకోవడం నేర్చుకున్నాను.
పెళ్ళైన ముప్పై నాలుగేళ్ళకు
వనజాక్షి దగ్గరా అట్లే చేస్తున్నాను.
"ఇదేంది కొత్తగా" అనింది.
వద్దనలేదు.

"ఎందుకీ బాధ, సూదేయించెయ్యరాదా"
అన్నవాళ్ళున్నారు.
అప్పుడది వంటింట్లో కొబ్బరి తురుముతున్న చప్పుడుకి
తోకతో నేలంతా ఊడుస్తా ఉన్నింది.
బాధ ఏ మూలనుందో నాకు కనపళ్ళేదు.

చెంగల్రాయులు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు,
కూతురికి కావాలంట.
కరకంబాడి రోడ్డులో చిన్న పోర్షను దొరికింది.
సామానంతా ఎక్కించినాం,
వసారాలోని రుబ్బురోలు తప్ప.
మిక్సీ ఉండగా దాన్నెవరు మోస్తారు?

కొత్తింట్లో మొదటి సాయంత్రం
బొరుగు తలుపు దగ్గర్నుంచి నీళ్ళ గిన్నెకు బయల్దేరింది.
నట్టింట్లో ఆగింది.
ఖాళీ నేల మీద ఎడమకి ఒంగి,
లేని రోలు చుట్టూ
పక్కటెముక తగలకుండా జాగ్రత్తగా తిరిగి
మళ్ళీ దారిలో పడింది.
వనజాక్షి నవ్వబోయి ఆగింది.
నేనప్పుడే, లేని గడప దాటడానికి
కాలు పైకెత్తి ఉండాను.

రాత్రంతా తిరుగుతూనే ఉన్నింది,
సిమెంటు మీద గోళ్ళ చప్పుడు.
నాకు తెలిసిన పని ఒకటే. విన్నాను.

పొద్దున్నే ఆటో మాట్లాడి
ఇద్దరు పిల్లోళ్ళకు టీ డబ్బులిచ్చి
రోలు తెచ్చి, అది ఒంగిన చోటే
అడుగులు కొలిచి మరీ దించినాం.

బొరుగు వచ్చింది. నేరుగా, ధైర్యంగా వచ్చింది.
ఠక్కుమని ముక్కు కొట్టుకుంది.
అక్కడేమీ లేదని
రాత్రికి రాత్రే నేర్చేసుకున్నట్టుంది.
రోలుని ఓసారి వాసన చూసి,
తుమ్మి,
నా వైపు తిరిగి
చాలాసేపు చూసింది.

చూసింది అనే అంటాను నేను.