ఏ అంతస్తు?

బటూమీలో వాన మొదలైతే
ఆగడానికి సాకు వెతుక్కోదు.
ఓడరేవు వెనక, ఆ ఆరంతస్తుల వకీళ్ళ భవనంలో
లిఫ్టుకి మాత్రం ఆగడానికి వంద సాకులు.
అందుకే నన్ను పిలుస్తారు.

ఇరవై తెత్రీల బిళ్ళ వేస్తేనే కదిలే పెట్టె అది.
బిళ్ళల డబ్బా తాళంచెవి
లామారా మెడలో ఉంటుంది, సిలువ పక్కన.
చిల్లర లేనివాళ్ళకి తనే వేస్తుంది.
అప్పు రాసుకుంటుంది, అడగడం మరిచిపోతుంది.

నేను పెట్టె కప్పు మీద కూచుని
తాళ్ళకి గ్రీజు పట్టిస్తుంటాను.
ఆ చీకటి గొట్టంలోకి
ఆరు అంతస్తుల మాటలూ కలగలిసి దిగుతాయి.

నాలుగోదానికి వెళ్ళేవాళ్ళు అద్దంలోకి చూడరు.
నేరాల కేసులు. ఎక్కువగా తల్లులే వస్తారు,
వాయిదా నాటికి కొడుకు తొడుక్కోవాలని
ఇస్త్రీ చేసిన చొక్కా, వాన తగలకుండా, గుండెకి ఆనించి.

రెండులో ఎలిసో గారు విడాకులు చూస్తారు.
ఆ గదిలో ఎవరూ ప్రేమతో మొదలుపెట్టరు.
వాషింగ్ మెషిన్ ఎవరిదన్న దగ్గర మొదలవుతుంది.
పిల్లవాడి ఆదివారాల దగ్గరికొచ్చేసరికి
గొంతులు తగ్గుతాయి, నాకు వినపడవు.

మూడులో భూములు.
నారింజ తోట గట్టు రెండు జానలు జరిగిందని
ఇద్దరన్నదమ్ములు ఇరవై రెండేళ్ళుగా వస్తున్నారు.
ఒకడు లిఫ్టెక్కితే ఇంకొకడు మెట్లెక్కుతాడు.
ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే.

అయిదు నుంచి చప్పుడే రాదు.
కంపెనీల వ్యవహారం, మందపాటి తివాచీ.
దివాలా కూడా అక్కడ మెత్తగా తీస్తారు.

ఆరులో ఓడల చట్టం.
జెండా ఒక దేశానిది, యజమాని ఇంకో దేశంవాడు,
సరుకు ఎవరిదో దేవుడికే తెలియాలి.
తొమ్మిది నెలలుగా జీతం లేని కుర్రాళ్ళు
బెంచీ మీద వరసగా కూచుంటారు.
ఆకలి మాత్రం ఏ వాదనా లేకుండా వాళ్ళదే.

కింద నోటరీ.
రోజంతా ముద్ర దబ్ దబ్.

వకీళ్ళ చుట్టూ తిరిగితే కాళ్ళరుగుతాయంటారు.
లిఫ్టు తన చేతిలోనే ఉంది గనక
లామారాకి కాళ్ళరగలేదు, చిల్లర అరిగింది.
ఆమె మొగుడు నోదారి ఓడ ఇంజనులో పనికి వెళ్ళాడు.
ఓడ తిరిగొచ్చింది. అతను రాలేదు.

ఓడ మునగలేదు కదమ్మా, సముద్రం కేసు కాదిది, అన్నారు ఆరులో.
శవం ఉందా, అన్నారు నాలుగులో.
ఆ కంపెనీ పేరు మూడుసార్లు మారింది, అన్నారు అయిదులో,
ఆ మాట చెప్పడానికి కాఫీ కూడా ఇచ్చారట.
ఇల్లు అతని పేరున ఉంది, సంతకం కావాలి, అన్నారు మూడులో.
నోటీసు అందుకోడానికి మనిషుండాలిగా, అంది ఎలిసో,
అని, లేచొచ్చి, చెయ్యి పట్టుకుంది.

ఒక్క దుఃఖాన్ని తలా ఒక ముక్క చూసి
మా ముక్క కాదని తిరిగిచ్చేశారు.

పోయినవారం నోటరీ దగ్గరికి కొత్తగా వచ్చిన కుర్రాడు
ఒక దారి చెప్పాడు.
మనిషి పోయినట్టు కోర్టు ప్రకటిస్తుంది,
మీరిక్కడ సంతకం చెయ్యాలంతే,
ఇల్లూ, పింఛనూ, అన్ని తలుపులూ తెరుచుకుంటాయి.

ఆ కాగితం నాలుగు మడతలుగా
ఆమె బిళ్ళల డబ్బాలో ఉంది. నేను చూశాను.

"వాజా," అంది ఇవాళ, పైకి తలెత్తి,
"పోయాడని నేను రాసిచ్చాక
ఏ మధ్యాహ్నమో ఈ తలుపు తీసుకుని వస్తే,
లోపలికి రానివ్వడానికి
నేనతనికి ఏమవుతాను?"

నాకు తాళ్ళ సంగతి తెలుసు, కప్పీల సంగతి తెలుసు.
గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని
బాగయింది, ఒకసారి నడిపి చూడు, అన్నాను.

బిళ్ళ పడిన చప్పుడయింది.
దీపం వెలిగింది.
ఏ అంతస్తు, అని అడిగాను పైనుంచి.

బొత్తాం నొక్కిన చప్పుడు
ఇంకా రాలేదు.